ఇరవై ఐదుకి ముప్పై ఒకటి

కిందటి నెల అన్నవరం వెళ్లి తిరిగి వస్తూ హైవే మీద కొత్తగా తెరిచిన ఒక హోటల్లో కాఫీకి ఆగాం. లోపల గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గోదావరి. నల్లటి సన్నగీతలతో రైలు వంతెన, దాని కింద రెండు నావలు, ఒడ్డున నాలుగు తాడిచెట్లు. బొమ్మ మనిషికి రెండింతల ఎత్తుంది. కాఫీ సంగతి మర్చిపోయి నిలబడిపోయాను. ఆ బొమ్మ అసలు సైజు నాకు తెలుసు. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది. దానికి ఫ్రేము కట్టింది నేనే.

"ఇదెక్కడిదండీ?" అని హోటలు ఓనరుని అడిగాను.

"నెట్లో దొరికిందండి. ఫ్రీ. స్టిక్కరింగు వాళ్లు పెద్దది చేసి అంటించేశారు. అందరూ దీని ముందే సెల్ఫీలు దిగుతున్నారండి. ఒక్కటే చిక్కు. అదిగో, కింద మూల 3/25 అని ఉంది చూశారా? ఎవరిదో పుట్టినరోజు అనుకుంటానండి. చెరిపేద్దామంటే గోడంతా పీకాలన్నారు."

కారెక్కాక కూడా నవ్వు ఆగలేదు. "ఏంటి సంగతి?" అన్నారు మావారు. రాజమండ్రి వచ్చేదాకా మాస్టారి గురించి చెబుతూనే ఉన్నాను. చెప్పినదాంట్లో కొంత ఇక్కడ రాస్తున్నాను.

పేరు రాయడం లేదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లెవరూ నాకు తెలియదు. మిషన్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి అందరికీ మాస్టారే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న తెల్లచొక్కా, గోళ్లనిండా నల్లసిరా. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు ఆ చేతుల్ని జేబుల్లో దాచుకునేవారు. పాస్టరుగారు కరచాలనం చేయబోతే చేతులు జేబుల్లోనే ఉంచి తల వంచేవారు.

మాది ఫ్రేముల షాపు. నాన్నగారు పెట్టారు, ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్నాను. దేవుళ్లు, పెళ్లిజంటలు, పోయినవాళ్లు. మా గోడ మీదికి వచ్చే జనం ఈ మూడు రకాలే. చెట్లూ నీళ్లూ తెచ్చే మనిషి మాస్టారు ఒక్కరే. సైకిలు వెనక రెండు అట్టల మధ్య బొమ్మలు కట్టుకుని వచ్చి, బల్ల మీద పెట్టి, ముందు బల్లని అరచేత్తో తుడిచేవారు. అది ఆయనకి అలవాటు. బొమ్మలు తీసే రాగిరేకుకి సిరా పూసి అరచేత్తో తుడిచీ తుడిచీ, కనిపించినదల్లా తుడిచేవారు. టీ గ్లాసు కింది సాసరు, నా లెక్కల పుస్తకం, ఒకసారి ఎవరో కస్టమరు గారి బట్టతల. ఆయన పరధ్యానంగా చేశారు. ఆ కస్టమరు ఇప్పటికీ మా షాపుకి వస్తే ఒకసారి చుట్టూ చూసి గానీ టోపీ తియ్యరు.

ఆయన పని ఏమిటో కస్టమర్లకి చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. రాగిరేకు మీద మైనం పూసి, దాని మీద సూదితో బొమ్మ గీస్తారు. యాసిడ్‌లో ముంచితే మైనం లేచిపోయిన చోటల్లా యాసిడ్ రాగిని తిని సన్నటి గాట్లు పెడుతుంది. ఆ గాట్లలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం వేసి గట్టిగా నొక్కితే కాగితం మీద బొమ్మ పడుతుంది. ఇదంతా నేను ఊపిరి బిగబట్టి చెప్పాక కస్టమరు అడిగే ప్రశ్న ఒకటే.

"ఇంతకీ చేత్తో వేసిందా, ప్రింటాండీ?"

"చేత్తో వేసిన ప్రింటండి."

"అయ్యో, ప్రింటేనా" అని పక్కన పెట్టేసేవారు.

యాసిడ్ పని చేస్తున్నంతసేపూ ఆయన కోడి ఈకతో బుడగలు తోసేస్తూ "ఇంకా తినాలి" అనేవారు. ఆ మాట ఆయన నోట్లో అలాగే ఉండిపోయింది. ఎవరి కోర్టు కేసు ఏమైందన్నా, ఎవరి పిల్ల చదువు ఎందాకా వచ్చిందన్నా, "ఇంకా తినాలమ్మాయ్" అనేవారు. ఆయన భార్య రిటైరైన నర్సు, మేమంతా ఆంటీ అంటాం. భోజనాల దగ్గర చుట్టాల్లో ఎవరైనా విస్తరి ముందు నుంచి లేవబోతే ఈయన యాసిడ్ ధ్యాసలో "ఇంకా తినాలి" అనేవారట. చుట్టాలు మొహమాటానికి మళ్లీ కూర్చునేవారట. వాళ్లింట్లో భోజనం చేసిన వాళ్లెవరూ మర్నాడు మామూలుగా లేరని ఆంటీయే చెప్పారు.

నొక్కడానికి మిషను కావాలి. అలాంటి మిషను మన వైపు ఎక్కడ దొరుకుతుంది? చెరుకురసం తీసే పాత మిషను ఒకటి కొని, లేతు పని చేసేవాళ్ల దగ్గర దాని రోలర్లు నున్నగా చేయించి, మధ్యలో ఒక ఇనుపబల్ల అమర్చుకున్నారు. వరండాలో పెట్టారు. వేసవి వచ్చిందంటే గేటు దగ్గర జనం. "మాస్టారూ, రెండు గ్లాసులు, ఐసు వద్దు." ఆయన విసుక్కోకుండా లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక గోదావరి బొమ్మ తీసి చూపించి పంపేవారు. అలా చెరుకురసం కోసం వచ్చి బొమ్మ కొనుక్కుని వెళ్లినవాళ్లు ముగ్గురున్నారు. ఆయన జీవితంలో గట్టి గిరాకీ అంటే అదే.

కింద రాసే అంకె సంగతి. ఒక రేకు మీద నుంచి ఇరవై ఐదు బొమ్మలే తీస్తానని లెక్క. మూడోది అయితే పెన్సిలుతో 3/25 అని రాస్తారు. ఒక బ్యాంకు మేనేజరు ట్రాన్స్‌ఫరై వెళ్తుంటే బహుమతి కొనడానికి స్టాఫంతా మా షాపుకి వచ్చారు. వంతెన బొమ్మ చూపించాను. వాళ్లలో పెద్దాయన కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు.

"ఏంటమ్మా ఇది, ఇరవై ఐదుకి మూడు మార్కులొచ్చిన బొమ్మ మేనేజరు గారికి ఇస్తామా?"

"మార్కులు కాదండి, తీసిన వరస."

"అదేదో నాకు తెలీదమ్మా. ఇరవై ఐదుకి ఇరవై ఐదు వచ్చింది ఉందా?"

ఉంది. అదే ఇచ్చాను. పక్కపక్కన పెట్టి చూసి, "చూశారా, తేడా తెలుస్తోంది" అన్నారు. మాస్టారికి చెబితే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "ముప్పై ఏళ్లు పిల్లలకి మార్కులు తగ్గించి వేశానమ్మాయ్. దేవుడు ఊరుకుంటాడా?"

ధర విషయంలో ఆయనది ఒకటే పద్ధతి. ఆ వారం కిలో వేటమాంసం, అంటే మేకమాంసం, ఎంతో బొమ్మ అంత. "మాంసం పెరిగితే నాదీ పెరుగుద్ది, తగ్గితే నాదీ తగ్గుద్ది. రెండూ మనిషి ఆదివారం ఇంటికి తీసుకెళ్లేవే కదా" అనేవారు. ఎవరైనా బేరమాడితే అరకిలోకి బొమ్మ కొయ్యనని చెప్పేవారు.

రేకు మీద ఎలా గీస్తే కాగితం మీద దానికి తిరగేసి పడుతుంది. ఎడమ కుడి అవుతుంది. మొదట్లో ఆయన అది పట్టించుకోలేదు. చెట్టు ఎటుంటే ఏంటి, చెట్టు చెట్టే అనుకున్నారు. కడియంలో పక్కపక్కనే నర్సరీలున్న అన్నదమ్ముల దగ్గర ఆ సంగతి తేలిపోయింది. రెండు నర్సరీలకీ మధ్య ఒక పంటబోదె, సన్నటి నీటికాలవ. అన్నగారి వైపు గట్టున పెద్ద పనసచెట్టు. అన్నగారు తన తోటని బొమ్మ వేయించుకుని, హాల్లో వేలాడదీశారు. తమ్ముడుగారు కాఫీకి వచ్చి, బొమ్మ చూసి, కప్పు కింద పెట్టేశారట.

"అన్నయ్యా, ఈ చెట్టు బోదెకి మా వైపున్నట్టుందే?"

"బొమ్మలో అలా పడిందిలేరా."

"పడటం ఏంటన్నయ్యా? నువ్వే డబ్బులిచ్చి వేయించుకున్నావు. నీ హాల్లోనే పెట్టుకున్నావు. ఆ చెట్టు నాదేనని నాన్నగారున్నప్పటి నుంచీ అంటున్నాను కదా!"

పెద్దమనుషుల్ని పిలిచారు. సాక్షిగా మాస్టారు, ఫ్రేము కట్టిన పాపానికి నేను. ఆయన తనతో గోడ అద్దం తెచ్చుకున్నారు. బొమ్మని అద్దంలో చూపించారు. అద్దంలో చెట్టు చక్కగా అన్నగారి వైపు వచ్చింది.

"ఇదండీ అసలు సంగతి" అన్నారు మాస్టారు.

"అద్దంలోది ఎలా చెల్లుద్దండీ?" అన్నారు తమ్ముడుగారు. "అద్దంలో చూస్తే నా ఎడం చెయ్యి కుడి చెయ్యి. రేపు ఎడం చేత్తో సంతకం పెట్టమంటారా?"

పెద్దమనుషులు అద్దం వైపు, బొమ్మ వైపు, బయట ఉన్న చెట్టు వైపు మార్చి మార్చి చూశారు. చెట్టు కళ్లెదురుగానే ఉంది. ఎవరూ దాని దాకా నడిచి వెళ్లలేదు. చివరికి ఆ ఏడు కాపు చెరిసగం అన్నారు. అన్నగారు బొమ్మ తియ్యలేదు. డబ్బులిచ్చారు కదా. దాని ఎదురు గోడకి అద్దం పెట్టించి, వచ్చినవాళ్లందర్నీ "ఇటు తిరిగి చూడండి" అనేవారు. మాస్టారికి ఇద్దరి ఇళ్ల నుంచీ చెరో పనసకాయ వచ్చింది. నాకు రెండు రోజులు చేతులకి జిగురు వదల్లేదు.

ఆ తర్వాత ఆయన పద్ధతి మార్చారు. గోదావరికి వీపు పెట్టి కూర్చుని, గొడుగు కర్రకి గడ్డం గీసుకునే అద్దం వేలాడదీసి, అందులో కనిపించే గోదావరిని గీసేవారు. అప్పుడు కాగితం మీద సరిగ్గా పడుతుంది. మూడో రోజే స్నానాల రేవులో ఆడవాళ్లు గొడవ చేశారు. పెద్దమనిషి, చర్చికి వెళ్లే మనిషి, అటు తిరిగి కూర్చుని అద్దంలో చూస్తాడా అని. మాస్టారు ఆ రోజు సైకిలు మర్చిపోయి నడిచి ఇంటికి వెళ్లారు. మర్నాటి నుంచి ఆంటీ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చోవడం మొదలెట్టారు, రేవు వైపు తిరిగి, చేతిలో ఊలు అల్లికతో. ఎవరైనా అనుమానంగా చూస్తే, "ఆయన చూసేది తాడిచెట్లమ్మా. ఆయన్ని నలభై ఏళ్ల నుంచి చూస్తున్నాను, నన్నే సరిగా చూడలేదు" అనేవారు. ఆ మాట విన్నాక ఇంకెవరూ ఏమీ అనలేదు.

ఇన్నేళ్లలో మా షాపు గోడ మారింది. ఒకప్పుడు పెళ్లికి చదివించడానికి, డాక్టర్ల దగ్గర వెయిటింగు హాల్లో పెట్టడానికి బొమ్మలు కొనేవారు. మాస్టారివి నెలకి నాలుగైనా పోయేవి. తర్వాత మంచుకొండల పోస్టర్లు వచ్చాయి. తర్వాత కరెంటు పెడితే జలపాతం కదిలే బొమ్మలు. వాటికి ఫ్రేములు కూడా అక్కర్లేదు. తర్వాత ఫ్లెక్సీ. మాస్టారివి నెలకి ఒకటి, రెణ్నెల్లకి ఒకటి అయ్యాయి. ఆయన బాధపడినట్టు కనిపించలేదు. కదిలే జలపాతం ముందు నిలబడి చాలాసేపు చూసి, "నీళ్లు పైకి పోతున్నాయేంటమ్మాయ్?" అన్నారు. ప్లగ్గు తిరగేసి పెట్టి చూశాను. అప్పుడూ పైకే పోయాయి.

సరిగ్గా అప్పుడే పెద్ద ఊళ్లలో డబ్బున్నవాళ్లకి మళ్లీ చేత్తో చేసినదాని మీద మోజు పుట్టింది. హైదరాబాదులో బొమ్మల గ్యాలరీ నడిపే ఒకావిడ ఎవరింట్లోనో మాస్టారి బొమ్మ చూసి ఫోన్ చేశారు. దారి ఆయన్నే అడగడం ఆవిడ చేసిన తప్పు. అన్నేళ్లు అన్నీ తిరగేసి గీసిన మనిషి. ఎడమకి కుడి, కుడికి ఎడమ చెప్పేవారు. ఊళ్లో మాకు అలవాటు. ఆవిడకి తెలియదు కదా. పొద్దున్న పదింటికి రావలసిన మనిషి కడియంలో తేలి, మధ్యాహ్నం మూడింటికి, స్టేషన్లో మాట్లాడుకున్న కారునిండా గులాబీ మొక్కలతో మా షాపు ముందు దిగారు.

"అక్కడిదాకా వెళ్లి ఊరికే రాబుద్ధి కాలేదండి" అన్నారు.

నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, భుజానికి ఇంత పెద్ద సంచి. బొమ్మలన్నీ నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ చూశారు. ఆ చూడటం నాకు నచ్చింది.

"మాస్టారూ, మీ రేట్లు ఎలా ఉంటాయండీ?"

"ఆదివారం రండమ్మా. మాంసం ధర కనుక్కుని చెప్తాను."

ఆవిడ నా వైపు చూశారు. నేను వివరించాను. ఆవిడ హైదరాబాదులో ఒక్కో బొమ్మ ఎంతకి అమ్మవచ్చో చెప్పారు. మాస్టారు లెక్క వేసుకుని, "అంటే ఒక మేకల మందన్నమాట" అన్నారు. ఆంటీ వంటింట్లోంచి ఇవతలికి వచ్చి గుమ్మానికి ఆనుకున్నారు.

అప్పుడు ఆవిడ చేతికి లంక బొమ్మ వచ్చింది. మాస్టారు వేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ధవళేశ్వరానికి దిగువన గోదావరి మధ్యలో ఒక చిన్న లంక ఉండేది. కొబ్బరితోట, పది పన్నెండు ఇళ్లు, ఒక రేవు. ఆయన అద్దం పెట్టుకుని అది గీసిన కొన్నేళ్లకి వరదలకి గట్టు కోసుకుపోతూ పోతూ, ఆఖరికి లంకంతా నదిలో కలిసిపోయింది. అక్కడివాళ్లు తలో ఊరికీ వెళ్లిపోయారు. ఆ చోట ఇప్పుడు నీళ్లు తప్ప ఏమీ లేదు. ఫోటోలు తీసుకున్నవాళ్లెవరూ లేరు. ఉన్నది ఈ బొమ్మే.

గ్యాలరీ ఆవిడ కింది అంకె చూసి కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"మాస్టారూ, ఇదేంటండీ? ముప్పై ఒకటి బై ఇరవై ఐదు అని ఉంది!"

"గ్రేస్ మార్కులమ్మా."

"అలా ఉండదండీ!"

"ఉండదు, నాకు తెలుసు. లంకవాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి అడిగారమ్మా. ఇల్లు చూపించమంటారు. ఇల్లంటే ఇందులో ఒక చుక్క. ఆ చుక్క మాదంటే మాదని రెండు కుటుంబాలు ఇక్కడే ఈ వరండాలో పోట్లాడుకున్నాయి. ఇరవై ఐదు అయిపోయాయి పొమ్మని ఎలా చెప్పను? ఇరవై ఆరు అని రాశాను. పైన ఇరవై ఆరు రాసి కింద ఇరవై ఐదు మారిస్తే అబద్ధం అవుద్దని అది మార్చలేదు."

ఆవిడ కోప్పడలేదు. నెమ్మదిగానే చెప్పారు. "మాస్టారూ, మొదట కొన్న ఇరవై ఐదు మందికీ మీరు రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. ఇవి ఇరవై ఐదే ఉంటాయని మాటిచ్చినట్టే కదండీ? ఇలాంటప్పుడు అందరూ చేసేది ఒకటే. లెక్క పూర్తవగానే రేకు మీద అడ్డంగా గీతలు కొట్టేస్తారు. ఇంక దాంతో తియ్యడానికి ఉండదు. అప్పుడే ఉన్నవాటికి విలువ."

మాస్టారి మొహం చిన్నబోయింది. విలువ అన్నందుకు కాదు, మాట అన్నందుకు. బళ్లో కాపీ కొట్టిన పిల్లాణ్ని పట్టుకున్నప్పుడు ఆ పిల్లాడి మొహం అలా ఉంటుంది.

"నిజమేనమ్మా. మాట తప్పాను."

"మరి లంకవాళ్లు వస్తే ఏం చెప్తారు?" అన్నారు ఆంటీ గుమ్మంలోంచి.

ఆయన లోపలికి వెళ్లి రేకు తెచ్చి, మైనం పూసి, సూది తీసుకున్నారు. పై నుంచి కిందికి ఏటవాలుగా ఒక గీత. పక్కన ఇంకొకటి. లంక మీద నుంచి, కొబ్బరిచెట్ల మీద నుంచి, నీళ్ల మీద నుంచి. ఆవిడ ఫోనులో వీడియో తీసుకుంటున్నారు. ఒక గంటసేపు గీశారు. నేను చూడలేక పెరట్లోకి వెళ్లి కరివేపాకు చెట్టు దగ్గర నిలబడ్డాను. రేకు యాసిడ్‌లో వేశాక ఆవిడకి రైలు టైమైంది. స్టేషనుకి దారి నేను చెప్పాను.

పదిరోజుల తర్వాత మాస్టారు సైకిలు మీద వచ్చి, బల్ల తుడిచి, అట్టలు విప్పారు. లంక. కానీ లంక మీద వాన పడుతోంది. ఏటవాలుగా, కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల పలచగా, చెట్ల తలలు ఒక పక్కకి వంగినట్టు కూడా అనిపిస్తోంది. కింద 1/25.

"మాస్టారూ, ఇది ఆ రేకేనా?"

"రేకు అదే. బొమ్మ వేరు. మొదటిది మూసేశాను, మాట నిలబెట్టుకున్నాను. ఇది కొత్తది. ఇరవై ఐదంటే ఇరవై ఐదే."

ఆ వారమే లంక ముసలమ్మ ఒకావిడ షాపుకి వచ్చింది, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోందట. బొమ్మ చేతికిస్తే మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఆయ్, ఇదేనండి మా లంక. మా చెల్లెలి ఇంట్లో ఉన్నదాంట్లో ఎండ కాత్తున్నట్టు ఏసేరండి. అదెవరి ఊరోననుకున్నాను. మాకెప్పుడూ వానేనండి."

హైదరాబాదుకి కబురెలా చేరిందో తెలియదు. మాస్టారికి ఫోను వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. స్పీకరులో పెట్టారు.

"క్యాన్సిల్ చేసిన రేకు మీద నుంచి బొమ్మలు తీస్తున్నారటండీ?"

"అది వేరే బొమ్మమ్మా. అది ఎండ, ఇది వాన."

"రేకు అదే కదండీ!"

"గోదారీ అదే కదమ్మా."

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఫోను పోయిందనుకుని మాస్టారు దాన్ని అరచేత్తో తుడిచారు. కాల్ కట్టయిపోయింది. మళ్లీ ఆవిడే చేసి, ఒకటి పంపమన్నారు. చూశాక ఇంకో పది పంపమన్నారు. ఆయన మిగతా బొమ్మల కన్నా వాన బాగా పోతోందట. అక్కడి కొత్త అపార్టుమెంట్లలో వానకి గిరాకీ ఎక్కువట.

వాన ఇరవై ఐదూ అయిపోయాయి. ఈసారి మాస్టారు ఇరవై ఆరు రాయలేదు. అప్పుడు కాకినాడ నుంచి ఒక ముసలాయన వచ్చాడు, లంకలో పుట్టి పెరిగిన మనిషి, చేపలు పట్టేవాడు. ఎవరో ఇప్పుడే చెప్పారట. "ఒక్కటండి, ఆయ్, ఎంతైనా పర్లేదండి" అన్నాడు. మాస్టారు ఆయన్ని నెల రోజులు ఆగమని చెప్పి, నేరుగా హైదరాబాదుకి ఫోను చేశారు.

"అమ్మా, ఒకసారి వచ్చి మళ్లీ క్యాన్సిల్ చేయించాలి."

ఆవిడ తెలివైన మనిషి. ఈసారి వచ్చేటప్పుడు సంచిలో పెద్ద మేకు వేసుకొచ్చారు. "మీరు గీస్తే మంచో, మబ్బో వస్తుంది మాస్టారూ. నన్ను గియ్యనివ్వండి" అన్నారు. రేకు నేల మీద పెట్టి, మోకాలు ఆనించి, ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, ఆ మూల నుంచి ఈ మూలకి ఒక గీత. బరబరా శబ్దానికి ఆంటీ చెవులు మూసుకున్నారు. పెద్ద ఇంటూ మార్కు. పరీక్ష పేపరు మీద మాస్టారే వేసినట్టుంది. ఆవిడకీ మనసు బాగాలేదనుకుంటాను, కాఫీ తాగకుండా వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మాస్టారు రేకుని తువ్వాలులో చుట్టుకుని షాపుకి వచ్చారు. బల్ల తుడవలేదు. రేకుని ఇటు తిప్పీ అటు తిప్పీ చూస్తూ కూర్చున్నారు. పోయినవాళ్ల ఫోటోలతో వచ్చేవాళ్లు అలా కూర్చుంటారు. వాళ్లతో మాట్లాడటం నాకు అలవాటే. ఆయనకి మాత్రం టీ తెప్పించాను. తాగి, వెళ్లిపోయారు.

వారం తర్వాత వచ్చినప్పుడు నడకలోనే హుషారు తెలిసింది. అట్టలు విప్పక ముందే, "ఆవిడ చెయ్యి మంచి చెయ్యమ్మాయ్" అన్నారు. "మేకు గీత చూడు, అంచులు ఎలా చెదిరాయో. నా సూదితో అది రాదు."

లంకా ఉంది, వానా ఉంది. ఆ రెండు పెద్ద గీతలూ ఇప్పుడు ఒకదాని మీద ఒకటి అడ్డంగా కట్టిన వెదురు బొంగులు. వాటి నాలుగు చివర్లకీ వేలాడుతూ, నీళ్లలోంచి అప్పుడే పైకి లేచిన పెద్ద వల. వలలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆకాశమంతా ఆ వలే. ఇవతలి ఒడ్డున భుజానికి పెద్ద సంచి తగిలించుకున్న ఒకావిడ, జుట్టు కత్తిరించుకున్నావిడ, తలెత్తి ఆ వలని చూస్తోంది. పక్కకి తిరిగి ఉంది కాబట్టి ముక్కు స్పష్టంగా పడింది.

కాకినాడ ముసలాయన వచ్చి బొమ్మ చూసి చాలాసేపు వల మీదే వేలు పెట్టి ఉంచాడు. "మా రేవులో ఇలాంటి వల ఉండేదండి. మా మావది. మీరు ఎప్పుడో చూసింది ఎలా గుర్తెట్టుకున్నారండీ?"

మాస్టారు ఆ రేవులో వల ఎప్పుడూ చూడలేదు. "నేను కాదండి. హైదరాబాదు నుంచి వచ్చినావిడ గుర్తు చేశారు" అన్నారు.

ఆ బొమ్మ కింద ఆయన సంతకం ఒక పక్కనే పెట్టి, రెండో పక్క ఖాళీ వదిలేశారు. "ఇద్దరం కలిసి గీసింది కదా. ఆవిడా పెట్టాలి" అని ఒకటి కొరియరులో ఆవిడకి పంపారు. జవాబు రాలేదు. కోపం వచ్చిందేమోనని రెండు మూడుసార్లు నన్ను అడిగారు. ఫోను చెయ్యమంటే మొహమాటపడ్డారు. ఆ తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం భోజనం చేసి, పది నిమిషాలు నడుం వాలుస్తానని ఆంటీతో చెప్పి పడుకున్నారు. మళ్లీ లేవలేదు.

ఆయన ఫోటోకి ఫ్రేము కట్టి ఆంటీకి ఇచ్చి వచ్చిన రోజునే గ్యాలరీ ఆవిడ షాపు ముందు కారు దిగారు. ఎవరూ చెప్పలేదు ఆవిడకి. నేనే చెప్పాను. కుర్చీలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు రోడ్డు వైపు చూశారు. తర్వాత సంచిలోంచి ఆ బొమ్మ తీసి బల్ల మీద పెట్టారు. ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది.

"ఫోనులో చెప్తే బాగుండదని నేనే వచ్చానండి" అన్నారు. "సంతకం పెడతాను గానీ ముందు ముక్కు కాస్త తగ్గించండి అని అడుగుదామని."

నేను పెన్సిలు ఇచ్చాను. వంగి, ఖాళీలో చిన్నగా పేరు రాశారు. రాశాక పెన్సిలు నాకివ్వకుండా పట్టుకునే ఉన్నారు.

"నిజం చెప్పండి. నా ముక్కు అంత పొడుగుందా?"

"లేదండీ" అన్నాను.

ఫ్రేముకి అద్దం వెయ్యడానికి బొమ్మని వెలుతురులోకి తీసుకెళ్లి ఇంకోసారి చూశాను. ఆ ముక్కుకి ఆయన ఒక్క గీత కూడా ఎక్కువ గియ్యలేదు.